మెదక్ నుంచి భద్రాద్రి దాకా, అత్తయ్యతో

మా ఇంట్లో తెల్లవారుజామున రెండు ఆరాధనలు జరుగుతాయి. అత్తయ్య దేవుడి గదిలో దీపం వెలిగిస్తారు. అదే వేళకు నేను బాల్కనీలో కూర్చుని బైబిలు చదువుకుంటాను. మావారిది హిందూ కుటుంబం, నాది మూడు తరాలుగా సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) క్రైస్తవ కుటుంబం. ఇద్దరి పెద్దల అంగీకారంతోనే రిజిస్ట్రారు కార్యాలయంలో పెళ్లి జరిగింది. అంగీకారం వేరు, కలిసి బతకడం వేరు. ఆ రెండోది నేర్చుకోవడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాం.

డిసెంబరు మొదట్లో ఒకనాడు అత్తయ్య, "మెదక్ చర్చి చాలా గొప్పగా ఉంటుందట కదా, ఒకసారి చూపించు అమ్మాయీ" అన్నారు. నాకు ఎప్పటి నుంచో డోర్నకల్ వెళ్లాలని ఉంది, మా పెద్దమ్మ అక్కడే ఉంటుంది. ఆ మాట చెప్పగానే, "డోర్నకల్ నుంచి భద్రాచలం ఎంత దూరం?" అని అడిగారు. అక్కడ రైలు మారితే భద్రాచలం రోడ్డు స్టేషను వస్తుందని చెప్పాను. అలా మా ప్రయాణం ఖాయమైంది. పిల్లవాడిని మావారికి అప్పగించి ఇద్దరమే బయలుదేరాం.

మొదటి రోజు, శుక్రవారం: మెదక్

జూబ్లీ బస్టాండులో మెదక్ బస్సు ఎక్కి, ఇద్దరం ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్లు తీసుకున్నాం. మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక అత్తయ్యకు ఊళ్లు తిరగాలన్న ఉత్సాహం బాగా పెరిగింది. నర్సాపూర్ అడవి దాటుతుండగా ముందు సీట్లో కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగి అత్తయ్య నుదుటి కుంకుమను, నా ఖాళీ నుదుటిని మార్చి మార్చి చూసింది. కాసేపటికి, "మీ కోడలు మతం మారిందా?" అని అత్తయ్యనే అడిగింది.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. దీని వెనుక ఎన్నో అనుమానాలు ఉంటాయి. డబ్బు తీసుకుని ఉంటారని, భర్తను కూడా మార్చేస్తారని, ఇంట్లో పూజలు ఆపిస్తారని. చిన్నప్పుడు బడిలో ఇలాంటి మాట వినపడితే నాకు కోపం వచ్చేది. యేసు శిష్యుడు పేతురు బైబిలులోని తన లేఖలో, మీ నిరీక్షణకు, అంటే మీలోని ఆశకు, కారణం అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పమన్నాడు. జవాబు చెప్పడం అందరికీ వచ్చు, సాత్వికం దగ్గరే మనిషికి పరీక్ష. "మారలేదమ్మా, మా తాతల కాలం నుంచి క్రైస్తవులమే. మెదక్ చర్చి చూడాలని మా అత్తయ్య అడిగితే తీసుకువెళ్తున్నాను" అన్నాను. ఆవిడ ఇంకా ఏవో అడిగింది, అన్నింటికీ చెప్పాను. దిగేటప్పుడు మాత్రం, "ఎవరి దేవుడు వారికి ఉండగా ఈ గోలంతా ఎందుకో" అంటూ దిగిపోయింది. అనుమానం ఒక బస్సు ప్రయాణంలో పోదు. పోవాలని నేను పట్టుపట్టనూ లేదు.

మెదక్ చర్చిని బయటి నుంచి చూసినప్పుడు ముందుగా కనిపించేది గంట గోపురం, ఎత్తు 175 అడుగులు. లోపలి మందిరం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1914లో పని మొదలుపెట్టిస్తే, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాం. మధ్యాహ్నపు ఎండ రంగు అద్దాల కిటికీల గుండా పడుతోంది. తూర్పున క్రీస్తు ఆరోహణం, పడమట జననం, దక్షిణాన సిలువ. ఫ్రాంక్ సాలిస్బరీ చేసిన కిటికీలవి. ఆరోహణం కిటికీ 1927లో వచ్చింది, సిలువ కిటికీ వచ్చేసరికి 1958 అయింది. అత్తయ్య సిలువ కిటికీ కింద చాలాసేపు నిలబడ్డారు. చుట్టూ నుదుట బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. మెదక్ జిల్లాలో ఇది మామూలు విషయమే, పిల్లల కోసం, ఆరోగ్యం కోసం ప్రార్థించుకోవడానికి అన్ని మతాలవాళ్లూ వస్తారు.

ఆవరణలో చెట్టు కింద కూర్చున్నాక అత్తయ్య నెమ్మదిగా అడిగారు: "కరువులో తిండి పెట్టి ఈ గుడి కట్టించారంటారు కదా. మరి జనం తిండి కోసమే మారారని అంటే తప్పేముంది?"

ఆమె ఎగతాళిగా అడగలేదు. నేను కూడా తప్పించుకోలేదు. కరువు రోజుల్లో ఉచితంగా గింజలు పంచేకన్నా పని ఇచ్చి కూలి ఇవ్వడం మేలని పాస్నెట్ తలచాడన్నది నిజం. ఆకలితో ఉన్నవాడి మనసులో ఏముందో వందేళ్ల తర్వాత మనం తేల్చలేమని చెప్పాను. ఒంగోలు సంగతి కూడా చెప్పాను. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని, సహాయం అందినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ఆగిపోయిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చారు. "ఇవ్వడానికి ఏమీ మిగలనప్పుడు కూడా వచ్చారన్న మాట" అన్నారు అత్తయ్య. కాసేపు ఆలోచించి, "అయినా అనేవాళ్లు అంటూనే ఉంటారు" అన్నారు. అదీ నిజమే.

తిరిగి బస్టాండుకు నడుస్తుంటే ఒక క్రైస్తవ సోదరి ఎదురొచ్చి అత్తయ్య చేతిలో ఒక కరపత్రం పెట్టింది. పెట్టి ఊరుకోలేదు. ఆ బొట్టు తుడుచుకోకపోతే నరకం తప్పదని గట్టిగా చెప్పసాగింది. నాకు బస్సులోని ప్రశ్న కన్నా ఇది ఎక్కువ బాధ కలిగించింది. "అక్కా, ఈమె మా అత్తయ్య. ఈమె మనసు మీకు తెలియదు. మీరు ఈమె కోసం ప్రార్థించండి, కానీ ఇలా మాట్లాడకండి" అన్నాను. నువ్వు లోకంతో రాజీపడ్డావని ఆమె నన్ను మందలించింది. నేను వాదించలేదు. ఆమె ఆవేదన బూటకం కాదు, తాను నమ్మినదాని కోసం ఎండలో నిలబడి ఉంది. కానీ యూదులు దూరం పెట్టిన సమరయ జాతి స్త్రీని యేసు మొదట అడిగింది తాగడానికి నీళ్లు. ఆమె తప్పులు ఎంచడంతో ఆయన మాట మొదలుకాలేదు, ఆమె చేతి నీళ్లు అడగడంతో మొదలైంది. ఆ కరపత్రాన్ని అత్తయ్య మడిచి సంచిలో పెట్టుకున్నారు. "కాగితం మీద దేవుడి పేరు ఉంది, పారేయకూడదు" అన్నారు.

రెండో రోజు, శనివారం: డోర్నకల్

సికింద్రాబాదులో విజయవాడ వైపు వెళ్లే పగటి రైలు ఎక్కాం. కాజీపేట, వరంగల్, మహబూబాబాద్, గార్ల, డోర్నకల్. దారిపొడవునా పత్తి చేలు, మిరప తోటలు. రైల్లో అత్తయ్యకు అజరయ్య గారి కథ చెప్పాను.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, 1874లో తిరునల్వేలి ప్రాంతపు వెల్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. ఆయన వంశం నాడార్లది, వాళ్లు కూడా ఒకప్పుడు అంటరానితనపు అవమానాలు పడ్డవాళ్లే. వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థలో మంచి హోదాలో ఉండి, దాన్ని వదులుకుని 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ అనే మారుమూల ఊరికి వచ్చారు. తెలుగు రాదు, కొత్తగా నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఇంగ్లండు చర్చికి చెందిన ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. తెల్లవాళ్లు ఒక భారతీయుడి కింద పనిచేస్తారా అని అప్పుడు చాలామంది అడ్డుపడ్డారు.

అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధుల్లో ఆసియావాళ్లు ఇరవైమంది కూడా లేరు. ఆ సభలో అజరయ్య నిలబడి, మిషనరీలు తమను దయతో చూస్తున్నారు గాని సమానులుగా చూడడం లేదని ముఖం మీదే చెప్పారు. మీరు మీ ఆస్తులను బీదలకు పంచారు, మీ శరీరాలను కాల్చడానికి అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని ముగించారు. సభలో కొందరికి అది కృతఘ్నతగా తోచింది.

"అన్నం పెట్టినవాళ్లనే అలా అడిగాడా?" అన్నారు అత్తయ్య.

"అన్నం పెట్టారు అత్తయ్యా, కానీ పక్కన కూర్చుని తినలేదు" అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగారు. నేను కూడా ఇంకేమీ చెప్పలేదు. మా పెళ్లయిన కొత్తలో అత్తయ్య నేను వండినది తినేవారు కాదు. కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం నా పని, పొయ్యి మాత్రం ఆమెది. అప్పట్లో దానికి కారణం మతం అని అందరూ అనేవారు. కాదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. మతం పేరు పెట్టుకున్న కులం అది. మా ముత్తాత మాలపల్లె నుంచి వచ్చి బాప్తిస్మం పొందాడు. ఆ రోజుల్లో నేను ఒక్కటే నిర్ణయించుకున్నాను: నా విలువ ఏమిటో నాకు సిలువ దగ్గర తెలిసింది, దాన్ని వంటింట్లో ఎవరి దగ్గరా అడుక్కోను, ఎవరి మీదా విసరను. దీనత్వం అంటే తలవంచుకుని అవమానాన్ని సరేననడం అని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. నా పిల్లవాడు అదే చూసి పెరిగితే పాపం నాది అవుతుంది. అందుకే ఒకరోజు అత్తయ్య ఎదుట కూర్చుని, ఇది నాకు నొప్పిగా ఉందని, అయినా మీ మీద కోపం లేదని చెప్పాను. ఆమె మారడానికి ఆ తర్వాత కూడా చాలా కాలం పట్టింది.

పెద్దమ్మ స్టేషనుకు వచ్చింది. ఆమె ఇంట్లో మధ్యాహ్న భోజనం. అత్తయ్య శాకాహారి అని ముందే చెప్పాను కాబట్టి వంకాయ కూర, దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి చేసింది. ఒక కొత్త స్టీలు కంచం తెచ్చి అత్తయ్య ముందు పెట్టింది. కంచం అడుగున అంగడి చీటీ ఇంకా అంటుకునే ఉంది. అత్తయ్య కంచం తిప్పి చూశారు.

"నా కోసం కొన్నారా వదినా?"

"మీకు ఎలా ఉంటుందోనని..." అంది పెద్దమ్మ. ఆ వాక్యం పూర్తి చేయలేదు. ఈ ఊళ్లో ఆమె వయసు వాళ్లెవరూ దాన్ని పూర్తి చేయనవసరం లేదు. మా ఇళ్లల్లో ఇంత మంచినీళ్లు కూడా తాగని అతిథులను చూస్తూ బతికిన తరం అది.

"ఇది దాచండి. మీరు రోజూ తినే కంచం ఇవ్వండి, కలిసి తిందాం" అన్నారు అత్తయ్య.

పెద్దమ్మ వెంటనే కదలలేదు. తర్వాత లోపలికి వెళ్లి రెండు పాత కంచాలు తెచ్చింది. భోజనానికి ముందు ప్రార్థన చేసింది, గొంతు వణికింది. అత్తయ్య చేతులు జోడించుకుని, కళ్లు తెరిచే, ఆమెను చూస్తూ కూర్చున్నారు. వంకాయ కూర రెండోసారి వడ్డించుకున్నారు. ఇంతకన్నా ఏమీ జరగలేదు. కానీ ఆ గదిలో కూర్చుని నాకు అనిపించింది: క్రైస్తవులమైన మేము ఇవ్వడం బాగా నేర్చుకున్నాం. ఆసుపత్రులు, బడులు, పండుగ రోజు బట్టలు. తీసుకోవడంలో ఉన్న దీనత్వాన్ని మాత్రం అంతగా నేర్చుకోలేదు. ఆ రోజు దాన్ని నాకు చూపించింది క్రైస్తవురాలు కాని మా అత్తయ్య.

మూడో రోజు, ఆదివారం: ఎపిఫనీ ఆలయం

డోర్నకల్‌లోని పెద్ద చర్చి 1939 జనవరి 6న, క్రీస్తు లోకానికి వెల్లడైన సంగతిని తలచుకునే ఎపిఫనీ పండుగ నాడు, ప్రతిష్ఠ అయింది. ఇంగ్లండులోని చర్చిలా ఉండకూడదని అజరయ్య పట్టుబట్టారు. గుమ్మటాలు, మినార్లు చూస్తే దక్కను మసీదులు గుర్తొస్తాయి, స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది. "ఇదేదో మన గుడిలాగే ఉంది" అన్నారు అత్తయ్య స్తంభాన్ని చేత్తో తాకి. మెదక్‌లో ఆమె ఆశ్చర్యపోయారు గాని, ఏదీ తాకలేదు.

ఆరాధనలో పాడిన పాత తెలుగు కీర్తనలకు రాగం, తాళం ఉంటాయి. ఒకటి మొదలవగానే అత్తయ్య నా చెవిలో, "ఆనందభైరవి" అన్నారు. అజరయ్య కాలంలో కోలాటాల్లో, నాటకాల్లో కూడా బైబిలు కథలు చెప్పించేవారు. కోతల కాలంలో పంట తెచ్చి అర్పించే పండుగ పెట్టించారు. విశ్వాసం కొత్తదే అయినా, దాన్ని పలికే గొంతు ఈ నేలది కావాలన్నది ఆయన పట్టుదల.

రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు భోజన సమయానికి అందరూ ముందుకు వెళ్లారు. అత్తయ్య చాప మీదే కూర్చున్నారు, ఎవరూ ఆమెను కదిలించలేదు. నేను మోకరించినప్పుడు ఆ పాత్ర చరిత్ర గుర్తొచ్చింది. ఒకే పాత్రలో తాగడానికి మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు కూడా ఒకప్పుడు ఒప్పుకోలేదు. ఆ గోడ మా సంఘాల్లో ఇప్పటికీ పూర్తిగా కూలలేదు, పెళ్లి సంబంధాల దగ్గర చూడండి, మీకే తెలుస్తుంది. ఇతరుల అపార్థాల గురించి మాట్లాడే ముందు మేము ఇంట్లో చూసుకోవలసినది చాలా ఉంది.

ఆవరణలో అజరయ్య సమాధి ఉంది. 1945 జనవరి 1న పోయారు. ఆయన పోయేనాటికి ఆయన డయోసిస్‌లో, అంటే ఆయన బిషప్పుగా చూసుకున్న సంఘాల ప్రాంతంలో, క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత, తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడు, అని పలికించేవారు. గాంధీజీకి సామూహిక మతమార్పిడులు నచ్చలేదు, 1930లలో ఈ విషయంలో ఇద్దరి దారులూ వేరయ్యాయి. అదే అజరయ్య, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, తాము దేశ ప్రజల నుంచి విడిపోయి ఒక రాజకీయ వర్గం కాకూడదని గట్టిగా వాదించారు. ఒకవైపు దేశద్రోహి అన్న అనుమానం, మరోవైపు సొంతవాళ్లకు వచ్చే సీట్లు పోగొడుతున్నాడన్న నింద. రెండూ మోశారు. నాకు ఆయనలో నచ్చేది అదే. ఎవరి మెప్పు కోసమూ తన నమ్మకాన్ని పలుచన చేసుకోలేదు, నమ్మకం పేరు చెప్పి ఎవరినీ దూరం పెట్టలేదు.

మధ్యాహ్నం ప్యాసింజరు రైల్లో కారేపల్లి మీదుగా భద్రాచలం రోడ్డు చేరాం. ఆ స్టేషను కొత్తగూడెంలోనే ఉంది, అక్కడి నుంచి భద్రాచలానికి దాదాపు 40 కిలోమీటర్లు బస్సు ప్రయాణం. గోదావరి వంతెన దాటేటప్పుడు అత్తయ్య చిల్లర నాణెం నీటిలోకి వేశారు.

నాలుగో రోజు, సోమవారం: భద్రాచలం

తెల్లవారకముందే లేచి నదికి వెళ్లాం. అత్తయ్య స్నానం చేస్తుంటే మెట్ల మీద కూర్చుని నేను ప్రార్థించుకున్నాను. తర్వాత గుడి మెట్ల దాకా వెంట వెళ్లి ఆమె చెప్పులు, సంచి, ఫోను తీసుకుని బయట ఉండిపోయాను. లోపలికి వెళ్లి చేతులు జోడిస్తే అది నాకూ అబద్ధమే, ఆమెకూ అబద్ధమే. అలాగని వింత చూడడానికి వెళ్లినట్టు వెళ్లడం ఆమె భక్తికి మర్యాద కాదు. ఇందులో క్రైస్తవులందరిదీ ఒకే దారి కాదు. ఆ ఊరికే రానివాళ్లు ఉన్నారు, శిల్పం చూడడానికి లోపలికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. నా మనస్సాక్షి నన్ను ఆపిన చోటు ఆ మెట్టు.

పూలమ్మే ఆమె, "మీరు పోరా అమ్మా?" అని అడిగింది. క్రైస్తవురాలినని, అత్తయ్య కోసం వచ్చానని చెప్పాను. "అంత దూరం నుంచి ఆమె కోసమే వచ్చారా?" అంది, పక్కనున్న స్టూలు నా వైపు జరిపింది.

దర్శనం అయ్యాక అత్తయ్య కంచర్ల గోపన్న కథ చెప్పారు. తహసీల్దారుగా ఉండి గుడి కట్టించి, తానీషా ఆజ్ఞతో గోల్కొండ చెరసాలలో ఉండి, అక్కడే కీర్తనలు పాడిన కథ. బైబిలులో ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి పౌలు, సీల అనే సువార్తికులు పాడిన సంగతి నేను చెప్పాను. రెండూ ఒకటేనని నేను అనలేదు, ఆమె కూడా అనలేదు. ఒకరి కథ ఒకరం శ్రద్ధగా విన్నాం.

ప్రసాదం లడ్డు నాకు అందించారు. రెండు చేతులతో తీసుకుని, ఎప్పటిలాగే మావారికీ బాబుకూ అని సంచిలో పెట్టాను. నేను తిననని ఆమెకు తెలుసు. ఎందుకో పెళ్లయిన కొత్తలోనే చెప్పాను. మొదట్లో ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇప్పుడు నా కోసం వేరుగా అరటిపండ్లు కొంటారు, వాటిని దేవుడికి చూపించకుండా.

హైదరాబాదు బస్సులో అత్తయ్య చాలాసేపు మౌనంగా ఉండి, ఎన్నో నెలలుగా మా ఇద్దరి మధ్య నలుగుతున్న మాట ఎత్తారు. "బాబుకు బాప్తిస్మం ఇప్పించాలని నీకు ఇంకా ఉందా?"

"ఉంది అత్తయ్యా. మీకు చెప్పకుండా మాత్రం చేయను."

"వాడు పెద్దవాడై వాడే అడగాలి."

"అందాకా వాడి కోసం రోజూ ప్రార్థిస్తాను. అది ఆపమంటే ఆపలేను."

"ఆపమని ఎవరన్నారు? నేను కూడా నా రాముణ్ణి అడుగుతూనే ఉన్నాను, వాడు నా దారిలోనే ఉండాలని" అన్నారు. ఆ మాటలో పంతం ఉంది, దాపరికం లేదు. నాకు నొప్పి కలిగిందని చెప్పాను. తనకూ కలుగుతోందని ఆమె అన్నారు. సూర్యాపేట దాటేదాకా అదే మాట్లాడుకున్నాం. ఏదీ తేలలేదు. క్రిస్మస్ నాటికి పెద్దమ్మను రమ్మని ఫోను చేయమన్నారు. ఆ పని బస్సు దిగకముందే చేశాను.